తెల్ల పైపుల్లో నీసు

గ్రీమ్స్‌పేట, చిత్తూరు
ఏప్రిల్

భానూ,

బాగుండావా మే? ఈ జాబు డిల్లీబాబు చేతికిచ్చి పంపిస్తాండాను. పుత్తూరు బస్సు తోలే డ్రైవరు. పొద్దున టిఫిను మన మెస్సులోనే తింటాడు. నీ బదులు కూడా బస్టాండులో ఆయనకే ఇయ్యి. పోయినేడు జరమొచ్చి చెవులు పోయినాక ఫోను నాకు రాయితో సమానం. ఆ పక్క నువ్వు అరుస్తావు, ఈ పక్క నేను ఊఁ ఊఁ అంటా. ఏమి చెప్పినావో దేవుడికే తెలియాల. జాబులే మేలు.

నా బాధంతా ఇప్పుడు నీళ్ళది. మీ బావ ఉన్నప్పుడు ఏపిచ్చిన ఇనప పైపులు కుళ్ళిపోయినాయి. పొద్దున కొళాయి తిప్పితే ముందు గుర్రుమంటాది, ఆనక పుండు పిండినట్లు ఎర్రగా కారతాది. మొన్న ఒక ముక్క కోపిచ్చి చూసినా. లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పేరుకోని చిటికెనేలు కూడా దూరలేదు. ఇన్నాళ్ళూ ఆ బొక్కలోంచి వచ్చిన నీళ్ళతోనే పిండి రుబ్బి జనాలకు పెట్టినానా అని అసయ్యమేసింది. ఆ పొద్దు సంగటి ముద్ద గొంతు దిగలేదు.

అంగట్లో అడిగితే ఒకడు తెల్లది అంటాడు, ఒకడు మీగడరంగుది అంటాడు, ఇంగొకడు రాగిది చూపిస్తాడు. వాళ్ళు చెప్పేది నాకు వినపడదు. నేను అడిగేది వాళ్ళకు పట్టదు. మీ ఇంటాయన గుణశేఖరు ఈ మధ్యనే చేతులూ కాళ్ళూ ఇరిగి కట్టు కట్టిచ్చుకునే దానికి వచ్చేవాళ్ళ కోసం గదులు కట్టినాడు గదా. ఏ పైపు దేనికి మంచిదో కనుక్కోని రాయి.

మీ అక్క
జ్ఞానాంబ


పుత్తూరు
ఏప్రిల్

అక్కా,

నీ జాబు మీ మరిదికి చదివి వినిపిచ్చినా. పైపుల గురించి అడిగితే సాలు ఆయన అన్నం కూడా మర్చిపోతాడు. సంగటి ముందర పెట్టుకోని చెయ్యి ఎండిపోయేదాకా చెప్పినాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తాండా.

ఇనుము మళ్ళా ఎయ్యొద్దంట. మన బోరు నీళ్ళలో ఉప్పు జాస్తి, ఎంత పూత పూసినా లోపల్నించి తినేస్తాది. రాగి అన్నిటికంటే గట్టిది, వేడికి తట్టుకుంటాది, కానీ అతికేదానికి పనితెలిసినోడు కావాల. పైగా ఆరుబయట కనిపిస్తే దొంగనాయాళ్ళు కోసకపోతారు. తెల్ల పీవీసీ చన్నీళ్ళకు బాగుంటాది. తుప్పు పట్టదు, లోపల నున్నగా ఉంటాది. అయితే వేడినీళ్ళు పోతే మెత్తబడి వంగిపోతాది, ఎండలో శానా కాలం పడుంటే పెళుసుబారి పగులుతాది. వేడికీ చల్లకీ రెండిటికీ పనికొచ్చేది మీగడరంగుది, సీపీవీసీ అంటారంట. వంటింటికీ, మిద్దెమీద నీళ్ళు కాచే సోలారుకూ అదే ఎయ్యాల. బోరు కాడ్నించి తొట్టిదాకా మట్టిలో పోయేదానికి చుట్టలు చుట్టి అమ్మే నల్ల పైపు. అది వంగుతాది కాబట్టి అతుకులు తక్కువ. ఏది కొన్నా తాగేనీళ్ళకని పైన అచ్చు ఉండాలంట. మురుగుకేసే బూడిదరంగుది తక్కువకు వస్తాదని తాగేనీళ్ళకు ఏస్తే మనిషి చెయ్యాల్సిన పని కాదంట.

ఇంతా చెప్పి ఏమన్నాడో తెలుసా? "వదిన చెవులు వినపడక అంగళ్ళెంబడి తిరిగేదేంది? గదులకు తెచ్చిన కొత్త పైపులు మిగిలుండాయి. నేనే మనిషిని పెట్టుకోని పొయ్యి ఏసిస్తా. ఆమె ఒక్క పైసా ఇయ్యాల్సిన పనిలేదు." ఆ మాటకు నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయక్కా. పెళ్ళైన కొత్తల్లో నువ్వు ఈయన్ని పట్టుకోని ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అన్నావు. ఇప్పుడేమంటావు?

భాను


గ్రీమ్స్‌పేట, చిత్తూరు
మే

భానూ,

గుణశేఖరు వచ్చినాడు, రెండు దినాలుండి పైపులన్నీ మార్చిచ్చి పోయినాడు. అన్నం పెడతానంటే కూడా కూర్చోలేదు. "నీ వంటిల్లు ముందు బాగుపడనీ వదినా" అని కాగితం మీద రాసి చూపిచ్చినాడు. కాకిని తోలని మనిషన్న మాట ఎనక్కి తీసుకుంటాండా. నీళ్ళు ఇప్పుడు బంగారంగా తెల్లగా వస్తాండాయి.

అన్నీ తెల్ల పైపులే ఏసినాడు. సోలారుకు కూడా. వాటిమీద అచ్చు యాడా కనపళ్ళేదు, బరుకు కాగితంతో రుద్దినట్టు గీతలుండాయి. అడిగితే ఫ్యాక్టరీ నించి నేరుగా వచ్చిన సరుకని రాసి చూపిచ్చినాడు. ఆయనకు తెలియదా ఏమి.

నీళ్ళు రవంత వాసనొస్తాండాయి. అతికేదానికి పూసిన గమ్ముదంట, వారానికి పోతాదంట. ఊరికే రాసినా, మనసులో పెట్టుకోవద్దు.

మీ అక్క


పుత్తూరు
మే

అక్కా,

గమ్ము వాసనే అది. మా కింద గదుల్లో దిగినోళ్ళు కూడా మొదట్లో అట్లే గొణిగినారు. ఇప్పటికీ ఒకరిద్దరు నీళ్ళు నీసు కొడతాండాయని అంటారు. నేను నవ్వుకుంటా. ఈడ కట్లు కట్టేది ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పెట్టి గదా, ఎండాకాలం అది మురిగితే గదంతా కంపే. వాళ్ళ చేతికట్టు వాళ్ళకే కొడతా ఉంటే నీళ్ళమీద పెడతారు.

మాది పైన మిద్దె ఇల్లు, మాకు ఏ వాసనా లేదు. నువ్వు ట్యాంకు ఒకసారి కడిగిచ్చు. ఉచితంగా ఏసిచ్చినాడు, ఇంగా ఆయనకు ఇది చెప్పలేను.

భాను


గ్రీమ్స్‌పేట, చిత్తూరు
జూన్

భానూ,

ట్యాంకు కడిగిచ్చినా. సున్నంనీళ్ళు పోసి మళ్ళా కడిగిచ్చినా. బ్లీచింగు పొడి ఏసినా. వాసన పోలేదు. నాకు చెవులు పోయినాయి గానీ ముక్కు పోలేదు మే. అది గమ్ము వాసన కాదు. ఎండొచ్చి నీళ్ళు కాగేకొద్దీ జాస్తి అవుతాండాది.

మన మెస్సు సంగతి నీకు తెలుసు. ఇన్నేళ్ళలో ఉల్లిగడ్డ తప్ప నీసు అనేది గడప తొక్కలేదు. పోయిన శనివారం డిల్లీబాబు ఇడ్లీ తుంచి సాంబార్లో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమల్లేదు. మింగలేదు. బయటికి పొయ్యి ఉమ్మేసి వచ్చి కాగితం మీద రాసినాడు: "అమ్మా, సాంబార్లో ఎండురొయ్యలు ఏమన్నా ఏసినావా? నేను శనివారం ముట్టను." ఆయన రాస్తా ఉంటే పక్కబల్ల మీద ఇద్దరు లేచి పోయినారు. చేతులు కడుక్కునేదానికి కొళాయి తిప్పి, ఆ నీళ్ళు వాసన చూసి, కడుక్కోకుండానే ఎంగిలి చేతుల్తో పోయినారు. నేను గల్లాపెట్టె కాడ కూర్చోని చూస్తా ఉండిపోయినా. వాళ్ళు నన్నేమి తిట్టినారో వినపడలేదు. అదొకటి మేలు.

మర్నాడు సోలారు పైపు కుక్క నాలుకలాగా వేలాడబడి అతుకు కాడ ఊడిపోయింది. వేడికి మీగడరంగుది ఎయ్యాలని నీ జాబులోనే ఉండాది గదా. తెలిసినోడు తెల్లది ఎందుకేసినాడు? ఊడిన ముక్కను పచ్చడిబండతో కొడితే పటుక్కున పగిలింది. కొత్త పైపు అట్లా పగలదు, ఏండ్ల తరబడి ఎండలో పడుండేదే పగులుతాది.

లోపల ఏముందో రాస్తా, అన్నం తిన్నాక చదువు. గోడ చుట్టూ పచ్చగా, చీమిడి మాదిరి జిగట. వేలుతో లాగితే తీగ సాగింది. దానికింద గోధుమరంగు గార. ఆ గారలో అతుక్కోని సన్నగా, ఎర్రగా, పొడుగ్గా ఒక మీసం. బొద్దింకది కాదు, నేను చూడని బొద్దింక లేదు. రొయ్య మీసం, భానూ. దానెంబడే గోరంత పెంకు. నేను మోరీ కాడికి పొయ్యి పొద్దున తిన్నదంతా కక్కినా. ఆ నీళ్ళతో నోరు పుక్కిలించేదానికి కూడా మనసు రాలేదు.

ఆ ముక్కను ప్లాస్టిక్కు కవర్లో కట్టి డిల్లీబాబుకిచ్చినా. తెరిసి చూడు. నీ మొగుడికి చూపించి, ఈ పైపులు ఇంతకుముందు యాడ ఉన్నెయ్యో అడుగు.

జ్ఞానాంబ


పుత్తూరు
జులై

అక్కా,

నీ కవరు నేను తెరవలేదు. బస్టాండులోనే డిల్లీబాబుకు తిరిగి ఇచ్చేసినా.

ఆయన్ని అడిగినా. "కొత్తవేనే, మీ అక్క మిద్దెమీదికి పిల్లులు రొయ్యలు ఎత్తకొచ్చి తింటా ఉంటాయి, ట్యాంకు మూత పెట్టుకోమను" అన్నాడు. నాకూ అదే నిజమనిపిస్తాండాది. మెస్సు జరగకపోతే దానికి ఏదో ఒక సాకు కావాల గదా. నీ పక్కన కొత్త హోటళ్ళు వచ్చినాయి, జనాలు ఆడికి పోతాండారు. దానికి మా ఇంటాయన ఏమి చేస్తాడు?

ఊరికే ఏసిచ్చిన మనిషిని దొంగను చేసినావు. మా అత్తగారి పక్క ఎవురికన్నా ఈ సంగతి తెలిస్తే నా మొకం యాడ పెట్టుకోవాల? డిల్లీబాబు నన్ను చూసే చూపు కూడా మారింది. ఇంగ పైపుల ఊసెత్తి జాబు రాయొద్దు.

భాను


గ్రీమ్స్‌పేట, చిత్తూరు
జులై

భానూ,

ఎత్తను. తెల్లవి పీకిచ్చేసినా. తిరుపతిలో ఒక అంగట్లో మీగడరంగువి తెప్పిచ్చి ఏపిచ్చినా. ఆ పని అయ్యేదాకా మూసిన మెస్సు మళ్ళా తెరిసినా, నలుగురైదుగురు వస్తాండారు.

ఒకటే అడుగుతా, దానికి జాబు కూడా రాయొద్దు. మీ పైన మిద్దెలో ఏ రంగు పైపులు? కింద గదుల్లో ఏ రంగు పైపులు? పొయ్యి చూడు, అంతే.

జ్ఞానాంబ


పుత్తూరు
ఆగస్టు

అక్కా,

నీ జాబొచ్చినాక కూడా నేను చూడలేదు. కోపం. పైన స్నానాలగదిలో బయటికి కనపడే పైపు మీగడరంగుదని నాకు తెలుసు, రోజూ చూసేదే. కింద ఏముందో చూస్తే ఏమి తెలుస్తాదో అని భయం. మెట్లు దిగేటప్పుడు ఆ పక్క తల తిప్పకుండా దిగినా.

మొన్న నగరి పక్కనించి రాఘవమ్మ అని ఒక ముసలామె మణికట్టు ఇరగ్గొట్టుకోని కోడల్ని ఎంటేసుకోని వచ్చింది. గది ఊడ్పిద్దామని నేను కిందికి పోతే, "పాపా, పైనుంచి ఒక చెంబు నీళ్ళు తెచ్చిస్తావా? ఈ కొళాయి నీళ్ళు నోట్లో పెట్టలేకుండా ఉండాము, నీసు" అనింది.

నేను అందరికీ చెప్పేదే చెప్పినా. "అది నీళ్ళు కాదవ్వా, నీ కట్టులో కోడిగుడ్డు కలిపింటారు, ఆ వాసన."

ఆమె చెయ్యి పైకెత్తి చూపిచ్చింది. తువ్వాలుతో మెడకు ఏలాడగట్టిన చెయ్యి. "నాకు కట్టు రేపు గదా కడతారు పాపా" అనింది.

అక్కా, నేను ఆ కొళాయి కింద దోసిలి పట్టినా. ఒక్క గుక్క. రొయ్యలు ఒలిచిన పళ్ళెం కడిగి ఆ నీళ్ళు నోట్లో పోసినట్టుండాది. రాఘవమ్మ ముందరే కాలవలోకి డోకినా. ఆమె మంచి చేత్తో నా ఈపు నిమిరింది. గదులు కట్టినప్పట్నించి ఎంతమంది ఆ నీళ్ళు తాగినారో, ఒక్కసారి కూడా నేను వాటిని నోట్లో పెట్టుకోలేదు.

ఆయన పైన అన్నం తింటాండాడు. పొయ్యి ఎదురుగా నిలబడినా.

"కింద పైపులు యాడియి?"

"మళ్ళా మొదలు పెట్టినావా?"

"నేను తాగినా. యాడియి?"

కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, మింగినాడు, అప్పుడు చెప్పినాడు. నాయుడుపేట అవతల మూసేసిన రొయ్యల షెడ్డు ఒకటి కూలగొడతా ఉంటే తెచ్చినాడంట. రొయ్యలు కడిగిన నీళ్ళు పోయే పైపులంట. షెడ్డు మూసినాక ఏండ్లు ఎండలో పడున్నాయంట. ఆసిడ్డు పోసి కడిగిచ్చి, పైన అచ్చు గీకిచ్చినాడంట. నీకు ఏసినెయ్యి కూడా అయ్యే.

"వదినకు కూడా అదే ఏసినావా?"

"ఊరికే గదా ఇచ్చింది. కడిగినాం గదా. ప్లాస్టిక్కుకు ఎంగిలేంది, మైలేంది?"

"మరి పైన మనింటికి ఎందుకు ఏసుకోలేదు?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదక్కా. నిజంగా అర్థం కాలేదు. నా మొకం చూసి, "ఇయ్యి మనం తాగేటియి గదా" అన్నాడు.

నాకు మళ్ళా డోకొచ్చింది. ఈసారి నీళ్ళేమీ తాగలేదు.

నిన్ను ఎన్ని మాటలన్నానో నాకు గుర్తుండాది. నువ్వు పంపిన కవరు తెరవకుండా ఇచ్చినానే, అది తల్చుకుంటే నా చెయ్యి నాకే గలీజుగా కనిపిస్తాండాది. ఆయన పక్కన కూర్చోని అన్నం తినలేకుండా ఉండా. ఏమి చెయ్యాలో చెప్పు.

భాను


గ్రీమ్స్‌పేట, చిత్తూరు
ఆగస్టు

భానూ,

నన్నన్న మాటలు వదిలెయ్. మొగుడి మాట నమ్మింది తప్పైతే ఊర్లో సగం మంది ఆడోళ్ళు తప్పే.

నాకు కోపం పోలేదు. ఇంటికొచ్చి, నా మిద్దె ఎక్కి, నేను పోసిన మజ్జిగ తాగి, ఆ కంపు పైపులు నా పొయ్యి దాకా తెచ్చి బిగిచ్చి, "నీ వంటిల్లు బాగుపడనీ" అని రాసి పోయినాడే! ఆ కాగితం పొయ్యిలో పెట్టినా. ఆయన్ని నా గడప తొక్కనియ్యను. దానివల్ల నీకూ నాకూ మధ్య ఏమీ లేదు, నువ్వు ఎప్పుడైనా రా.

ఏమి చెయ్యాలో అడిగినావు. మొగుడితో ఉండేదీ ఊడేదీ నేను చెప్పలేను, అది నీ బతుకు. కానీ ఇరిగిన చేతుల్తో వచ్చినోళ్ళు ఆ నీళ్ళు ఇంగొక్క దినం తాగకూడదు. ఆయన ఒప్పుకునేదాకా ఎదురు చూడొద్దు. పీకెయ్.

మీ అక్క


పుత్తూరు
సెప్టెంబరు

అక్కా,

పీకేసినా.

ఆయన చుట్టాల పెళ్ళికని వేలూరు పోయిన పొద్దు పనోళ్ళను పిలిచినా. నువ్వు తెప్పించిన తిరుపతి అంగట్లోనే మీగడరంగు పైపులు తెప్పిచ్చినా, అచ్చు చూసే దించుకున్నా. పని అయ్యేదాకా పైనుంచి బిందెలతో నీళ్ళు మోసి ప్రతి గదికీ నేనే ఇచ్చినా. ఎందుకని అడిగినోళ్ళకు దాచకుండా చెప్పినా. ఇద్దరు నన్ను తిట్టి గది ఖాళీ చేసి పోయినారు. తిట్టనీ. ఒకాయన మూడువారాలుగా కడుపునొప్పితో ఉండాడంట, నీళ్ళ మార్పు అనుకున్నాడంట. ఆయన మొకం నేను చూడలేకపోయినా.

పీకిన తెల్ల పైపులు పెరట్లో గోడకు ఆనిచ్చినారు. ఎండకు వాటి కొసల్లోంచి నల్లటి జిగట కారి నేలమీద మడుగు కట్టింది. ఈగలు. పక్కింటోళ్ళు కిటికీలు మూసుకున్నారు. 

ఆయన వచ్చినాడు, చూసినాడు, చెప్పులిడిసి లోపలికి పోయినాడు. సిగ్గుపడినాడేమో అనుకున్నా అక్కా. నిజంగా అట్లే అనుకున్నా. మొకం కడుక్కోని వస్తాడు, తల దించుకోని ఒక మాటంటాడు, నేను కూడా నిదానంగా మాట్లాడాల అని కాపీ కూడా కలిపి పెట్టినా.

కాపీ తాగి మిద్దెమీదికి పొయ్యి ఫోను చేసుకున్నాడు. బట్టలు ఆరేస్తా ఉన్నా, నాకు వినపడింది. "మంచి సరుకే అన్నా, రవంత వాడింది. తిరుపతిలో నువ్వు కట్టే ఆడపిల్లల హాస్టలుకు సరిపోతాది. కడిగిచ్చి పెడతా. రేప్పొద్దున టెంపో పంపు."

తడిబట్ట చేతిలో అట్లే ఉండిపోయింది. ఈ మనిషితో ఇంగ మాట్లాడేది ఏమీ లేదనిపిచ్చింది. అరిస్తే తలుపేసుకుంటాడు, ఏడిస్తే ఊరుకోబెడతాడు, టెంపో మాత్రం వస్తాది.

తెల్లారి ఆయన గుడికి పోయినాక పనోళ్ళు వదిలిపోయిన రంపం తీసుకోని పెరట్లో కూర్చున్నా. ఒక పైపు అడ్డంగా పెట్టి కోసినా. జానెడు ముక్క. ఇంగొకటి. ముక్కులో ఆ కంపు, చేతులమీద ఆ జిగట. రెండుసార్లు లేచి డోకి వచ్చి మళ్ళా కూర్చున్నా. రాఘవమ్మ కిటికీలోంచి చూసి కోడల్ని పంపింది. ఆ పిల్ల ముక్కుకు కొంగు కట్టుకోని వచ్చి, ఏమీ అడగకుండా పైపు రెండో కొస పట్టుకునింది. కాలికట్టుతో ఉండే ఒకాయన తమ్ముడు పొయ్యి యాడనించో ఇంగొక రంపం తెచ్చినాడు. గదుల్లో రోగులకు తోడొచ్చినోళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. పెళుసు పైపులు గదా, కొన్ని రంపం ఆనిస్తానే పగిలినాయి. రాఘవమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకోని గడప మీద కూర్చోని, "నా చెయ్యి బాగుంటే నేనొక పది కోసేదాన్ని" అని సతాయిస్తానే ఉండాది.

టెంపో వచ్చింది. డ్రైవరు దిగి, ఆ ముక్కల గుట్ట చూసి, గాలి ఇటు తిరిగేతలికి మూతిమీద చెయ్యి పెట్టుకోని, "ఇవేనామ్మా?" అన్నాడు. "ఇవే" అన్నా. బండి తిప్పుకోని పోయినాడు.

మీ మరిది వచ్చేతలికి అందరం పెరట్లోనే ఉండాము. 

"పిచ్చి పట్టిందా నీకు?"

"కొనేవాడికి ఇచ్చుకో. జానెడు ముక్కలు యాడ బిగిస్తాడో బిగిచ్చుకోనీ."

చుట్టూ కూర్చున్న అంతమందినీ ఒకసారి చూసినాడు. పొడుగు ముక్క ఏదైనా మిగిలిందేమోనని వొంగి ఆ గుట్టలో చేతులు పెట్టి ఎదికినాడు. ఒక ముక్క పైకెత్తితే లోపలుండే జిగటంతా జారి ఆయన రెండు చేతుల మీద, ఉతికిన తెల్ల చొక్కా మీద పడింది. చేతులు ఎడంగా పెట్టుకోని, ఊపిరి బిగబట్టుకోని పైకి పరిగెత్తినాడు.

నేను కూడా ఎనకాలే మెట్లెక్కినా. స్నానాలగదిలో చేతులు కడుగుతాండాడు. సబ్బు రుద్దినాడు, వాసన చూసుకున్నాడు, మళ్ళా రుద్దినాడు. బట్టల సోడా ఏసి రుద్దినాడు, నిమ్మకాయ పిండి రుద్దినాడు. చేతులు ఎర్రగా కందిపోయినాయి. మళ్ళా ముక్కు కాడ పెట్టుకోని మొకం పక్కకు తిప్పుకున్నాడు.

"పోలేదే" అన్నాడు నా పక్క చూసి.

నేను తువ్వాలు అందియ్యలేదు. తలుపు కాడ నిలబడి చూస్తా ఉండాను.

నీ చెల్లెలు
భాను